నేను మరమనిషిని కాను

దమయంతీ స్వయంవరం కథ తెలియని ఆడవాళ్ళు మనలో ఉండరు. పూలదండ పట్టుకుని సభలోకి వచ్చిన పిల్లకి ఒక్క నలుడి బదులు అయిదుగురు నలులు కనిపించారు. అదే మొహం, అవే నగలు, అదే నవ్వు. అందులో నలుగురు దేవతలు. పాపం, కంగారుపడి ఎవరో ఒకరి మెళ్ళో వేసెయ్యకుండా ఆ దేవతలకే దణ్ణం పెట్టి, "మీ గుర్తులు మీరే చూపించండి తండ్రీ" అని వేడుకుంది. అప్పుడు కనిపించాయి తేడాలు. నలుగురికి రెప్ప పడటం లేదు, చెమట పట్టలేదు, దండలు వాడలేదు, పాదాలు నేలకి ఆనలేదు. అయిదో ఆయనకి మాత్రం ఒంటి మీద చెమట, కాళ్ళకి దుమ్ము, మెళ్ళో వాడిన దండ, పడుతూ లేస్తూ ఉన్న రెప్పలు. దండ ఆయన మెళ్ళోనే పడింది. చెమటనీ దుమ్మునీ చూసి మనిషిని గుర్తుపట్టిన పిల్ల తెలివి తక్కువది కాదు సుమండీ!

ఈ రోజుల్లో ఆ దండ కంప్యూటరు చేతిలోకి వెళ్ళింది. నిజం మనిషెవరో అదే తేలుస్తుంది. ఏ పనికైనా ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, పేరూ ఊరూ ఇంటిపేరూ అన్నీ రాసి, హమ్మయ్య అనుకునేసరికి చివర్న ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమవుతుంది. వంకరటింకర అక్షరాలు చూపించి ఇవేమిటో చెప్పమంటుంది. లేదంటే తొమ్మిది బొమ్మలు పెట్టి, బస్సులున్న గళ్ళు ఏరమంటుంది. ఇంకోచోట "నేను మరమనిషిని కాను" అన్న మాట పక్కన టిక్కు పెట్టమంటుంది. ఇంట్లో వంటా, పిల్లల చదువూ, అత్తమామల మందులూ చూసుకునే మనిషిని పట్టుకుని నువ్వు మనిషివేనా అనడం! ఒళ్ళు మండదూ?

దీన్ని క్యాప్చా అంటారు. ఈ అనుమానం ఎందుకు పుట్టింది, ఎవరికి పుట్టింది అని వెతుక్కుంటూ పోయాను. ఆ కథలో మన తెలుగువాళ్ళూ తెలుగు ఊళ్ళూ తగులుతాయని మాత్రం ఊహించలేదు.

మొదటి పేజీ 1950లో ఉంది. అలన్ ట్యూరింగ్ అనే ఇంగ్లీషు గణిత పండితుడు 'మైండ్' అనే పత్రికలో, యంత్రం ఆలోచించగలదా అని ఒక వ్యాసం రాశాడు. అన్నట్టు, ఈయన తండ్రి జూలియస్ ట్యూరింగ్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐ.సి.ఎస్. అధికారి. పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు ఇలా మన ఊళ్ళన్నీ బదిలీల మీద తిరిగినవాడు. తల్లి పుట్టింది కోయంబత్తూరు దగ్గర పోదనూరులో. కొడుకు మాత్రం 1912లో లండన్లో పుట్టాడు. బెజవాడ ఎండ తగిలి ఉంటే ఆయన వ్యాసం ఎలా ఉండేదో!

ఆ వ్యాసంలో ఒక ఆట ఉంది. ఒక గదిలో ఒక మగవాడూ ఒక ఆడమనిషీ ఉంటారు. ఇంకో గదిలో ఉన్నవాడు కాగితాల మీద ప్రశ్నలు పంపి, టైపు చేసిన జవాబులు చూసి, ఎవరు ఆడో ఎవరు మగో తేల్చాలి. మగవాడు తనే ఆడదాన్నని నమ్మించాలి. ఆడమనిషి నిజం చెప్పాలి. ఇక్కడ ట్యూరింగ్ ఒక మాట అంటాడు. నేనే అసలు ఆడదాన్ని, అతని మాట వినకండి అని ఆవిడ ఎంత చెప్పినా లాభం లేదట, అవతలివాడూ అదే మాట అనగలడు కనక. ఆ తరవాత మగవాడి స్థానంలో యంత్రాన్ని కూర్చోబెట్టి, అది మనిషినని నమ్మించగలదా అని అడిగాడు. ఇవాళ మనం టిక్కు పెట్టే "నేను మరమనిషిని కాను" అన్న వాక్యం గురించి 1950లోనే ఆయన చెప్పేసినట్టు లేదూ? మరమనిషి కూడా ఆ టిక్కు పెట్టగలదు. అందుకే ఆ పెట్టె మన మాట నమ్మదు. టిక్కు పెట్టేముందు మన చెయ్యి ఎలా తడబడిందీ, ఆ కంప్యూటరు నుంచి అంతకుముందు ఏమేం చేశామూ లాంటివి చూసి లెక్క వేసుకుంటుంది. మళ్ళీ దమయంతి పద్ధతే.

ట్యూరింగ్ ఆటలో తీర్పరి మనిషి. క్యాప్చాలో తీర్పరి యంత్రం. ఈ తిరకాసు 1997లో జరిగింది.

అప్పట్లో ఆల్టావిస్టా అని పేరున్న వెతుకులాట సైటు ఒకటి ఉండేది. మా సైటుని కూడా మీ జాబితాలో చేర్చుకోండి అని ఎవరైనా పంపుకోవడానికి అందులో ఒక ఫారం ఉండేది. ఊరికే వచ్చే ఫారం కదా, కొందరు గడుసువాళ్ళు కంప్యూటరు ప్రోగ్రాముల చేత దాన్ని రాత్రీ పగలూ నింపించి, తమ పేర్లు పైకి తెచ్చుకోవాలని చూశారు. ఇలా మనిషి బదులు తిరిగి పని చేసే ప్రోగ్రాములనే బాట్లు అంటారు. అక్కడ పని చేసే ఆండ్రీ బ్రోడర్, ఆయన తోటివాళ్ళు ఒక ఉపాయం ఆలోచించారు. కాగితం మీది అక్షరాలని యంత్రం చేత చదివించే స్కానరు కొంటే దానితో ఒక పుస్తకం ఇస్తారు. యంత్రం బాగా చదవాలంటే అక్షరాలు ఒకే రకంగా ఉండాలి, వరస వంకర పోకూడదు, వెనకాల గీతలూ మచ్చలూ ఉండకూడదు అని అందులో రాసి ఉంటుంది. వీళ్ళు ఆ పుస్తకం ముందు పెట్టుకుని అన్నీ తలకిందులుగా చేశారు! ఆవకాయ చెడకుండా ఉండాలంటే తడి చెయ్యి పెట్టకూడదు, నూనె తగ్గకూడదు, మూత తీసి ఉంచకూడదు అని అత్తగారు చెబితే, చెడగొట్టాలనుకున్న కోడలు అదే జాబితా పట్టుకున్నట్టు. చెత్త దరఖాస్తులు నూటికి తొంభై అయిదుకు పైగా తగ్గిపోయాయి. ఈ ఉపాయం మీద తీసుకున్న పేటెంటులో ఉన్న నాలుగు పేర్లలో ఒకటి కృష్ణ భరత్. బెంగుళూరు వాడు, మద్రాసు ఐ.ఐ.టి.లో చదివాడు, తరవాత గూగుల్ న్యూస్ తయారుచేసింది ఆయనే.

2000లో యాహూ వాళ్ళకీ ఇదే బెడద వచ్చింది. ఉచితంగా ఈమెయిలు ఇస్తామంటే బాట్లు వచ్చి వేలకి వేలు ఖాతాలు తెరిచి, ఊరందరికీ చెత్త ఉత్తరాలు పంపడం మొదలుపెట్టాయి. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి మాన్యుయెల్ బ్లమ్ అనే పెద్దాయన, లూయీస్ వాన్ ఆన్ అనే గ్వాటెమాలా కుర్రాడు, ఇంకో ఇద్దరు కలిసి ఈ పరీక్షకి ఒక శాస్త్రం ఏర్పరచి, క్యాప్చా అని నామకరణం చేశారు. మనుషుల్నీ కంప్యూటర్లనీ వేరు చేసే, దానంతటదే నడిచే ట్యూరింగ్ పరీక్ష అన్న పొడుగాటి ఇంగ్లీషు మాటలకి అది పొట్టి పేరు.

ఆ విశ్వవిద్యాలయంలోనే, అంతకుముందు 1991 నుంచి 1999 దాకా కంప్యూటర్ సైన్స్ స్కూలుకి డీన్‌గా ఉన్నాయన మన రాజ్ రెడ్డి గారు. 1937లో అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, గిండీలో ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్ళి 1994లో ట్యూరింగ్ పేరు మీదనే ఇచ్చే అవార్డు అందుకున్నారు. బాసర ట్రిపుల్ ఐ.టి. ఉంది చూశారూ, మన పల్లెటూరి పిల్లల కోసం 2008లో పెట్టింది, ఆ విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలరూ ఆయనే. ఆయన జీవితమంతా చేసిన పని ఏమిటంటే, మనిషి మాట యంత్రానికి అర్థమయ్యేట్టు చెయ్యడం. ఒకే ఆవరణలో ఒక గదిలో యంత్రానికి మాటలు వినడం నేర్పుతున్నారు, ఇంకో గదిలో యంత్రం లోపలికి రాకుండా గడియ చేస్తున్నారు! ఈ రెండు గదులూ తరవాత ఎలా తారసపడ్డాయో చెబుతాను, ముందు పుస్తకాల సంగతి.

కొన్నేళ్ళకి లూయీస్ వాన్ ఆన్‌కి ఒక బెంగ పట్టుకుంది. 2008 నాటి లెక్క ప్రకారం ప్రపంచంలో రోజుకి పది కోట్లకి పైగా క్యాప్చాలు మనుషులు కొడుతున్నారు. ఒక్కోటీ కొన్ని సెకన్లే. కలిపితే రోజుకి లక్షల గంటల మనిషి శ్రమ గాలిలో కలుస్తోంది. పప్పు కడిగిన నీళ్ళు కూడా మొక్కలకి పోసే మన బోటివాళ్ళకి ఈ బెంగ బాగా అర్థమవుతుంది. ఆయన 2007లో రీక్యాప్చా అని కొత్త పద్ధతి పెట్టాడు. పెట్టెలో ఒకటి కాదు, రెండు మాటలు వస్తాయి. ఒకదాని జవాబు కంప్యూటరుకి తెలుసు. రెండోది పాత పుస్తకంలోంచో పాత పత్రికలోంచో స్కాను చేసినప్పుడు యంత్రం చదవలేక వదిలేసిన మాట. మొదటిది సరిగ్గా కొట్టామంటే మనుషులమే కనక, రెండోది కూడా సరిగ్గానే చదివి ఉంటామని నమ్మకం. ఇంకొందరు కూడా అదే జవాబు చెబితే ఖాయం. అలా ఏడాదిలో 44 కోట్ల మాటలు చదివించారు. న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలు ఆ విధంగా అక్షరాల్లోకి వచ్చాయి. 2009లో గూగుల్ దాన్ని కొనేసింది. మీరూ నేనూ ఏ ఫారం నింపుతూనో ఎప్పుడో అమెరికా పత్రికకి ప్రూఫులు దిద్దే ఉంటాం. జీతం మాత్రం అడగకండి.

నాకు ఇక్కడే కొంచెం కడుపు మండింది. రాజ్ రెడ్డి గారు తలపెట్టిన లక్షల పుస్తకాల స్కానింగు పనిలో భాగంగా మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. ఎన్నో పాత తెలుగు పుస్తకాలు బొమ్మలుగా అందులోకి ఎక్కాయి. మా అమ్మమ్మ కాలం నాటి నవలలు నేను చదువుకున్నది ఆ పుణ్యమే. కానీ అవి ఉత్త బొమ్మలు. లోపలి మాట ఒకటి కావాలంటే పేజీ పేజీ తిప్పాల్సిందే. ఆ పేజీల్లో అరిగిపోయిన 'ఋ'లూ 'ఱ'లూ మా బోటివాళ్ళ చేత ఆ పెట్టెలో చదివించి ఉంటే విసుగు లేకుండా చదివిపెట్టేవాళ్ళం కదా! నాకు మటుకు ఆ పెట్టెలో తెలుగు మాట ఒక్కటి కూడా ఎప్పుడూ కనిపించలేదు.

మనుషులు చదివిపెట్టిన ఆ కోట్ల మాటలు చూసి చూసి యంత్రాలూ చదువు నేర్చుకున్నాయి. 2014లో గూగుల్ పరిశోధకులు తమ క్యాప్చాల్లోకెల్లా కష్టమైన వాటిని తమ ప్రోగ్రామే నూటికి 99.8 సార్లు సరిగ్గా చదివేస్తోందని ప్రకటించారు. ఆ ఏడాది చివర్లోనే టిక్కు పెట్టె వచ్చింది. అనుమానం తీరకపోతే దాని వెనక బొమ్మలు.

ఆ బొమ్మల సంగతి చెప్పాలా? జీబ్రా గీతలు ఏరమంటారు, పసుపుపచ్చ స్కూలు బస్సులు ఏరమంటారు. ఒకసారి నన్ను రోడ్డు పక్కన పొట్టిగా లావుగా ఎర్రగా ఉండే ఒక ఇనప గుంజని ఏరమన్నారు. అది నిప్పంటుకుంటే నీళ్ళు పట్టుకునే పంపట. సిద్దిపేటలో పుట్టి కోమటిచెరువు గట్టున పెరిగిన నేను అలాంటిది మా వీధుల్లో ఎన్నడూ చూసి ఎరగను. ఆటో ఏదంటే చెబుతాను, బతుకమ్మ ఏదంటే నిద్రలో చెబుతాను. మనిషినని తేలాలంటే ముందు అమెరికా వీధులు తెలిసి ఉండాలంటే ఎలాగండీ?

ఇంకో సంగతి ఉంది. యంత్రం చదవలేనప్పుడు గడుసువాళ్ళు ఏం చేశారనుకున్నారు? మనుషుల్నే కూలికి పెట్టారు. 2010 నాటికి వెయ్యి క్యాప్చాలు చదివిపెట్టే ధర ఒక డాలరుకి అటూ ఇటూ. ఆ కూలికి కూర్చున్నది బంగ్లాదేశ్‌లో, చైనాలో, మన దేశంలో. అంటే మనిషా కాదా అన్న పరీక్ష పాసవడానికి నిజం మనుషులే దొరికారు, పైసల్లో. గడియ బాగానే ఉంది, ఆకలి దాన్ని తీసింది.

రెండు గదుల కథ చెబుతానన్నాను కదూ. కళ్ళు కనపడనివాళ్ళ కోసం క్యాప్చాలో వినే పద్ధతి ఒకటి పెట్టారు. గలాభా మధ్య ఎవరో అంకెలు చెబుతుంటే విని కొట్టాలి. 2017లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆ శబ్దాన్ని ఊరికే దొరికే మాట గుర్తించే ప్రోగ్రాములకి వినిపించారు. నూటికి 85 సార్లు గడియ ఊడింది. యంత్రానికి చెవులిచ్చిన విద్యే చివరికి తలుపు తీసింది.

2023లో ఓపెన్ఏఐ సంస్థ జిపిటి-4 అనే కృత్రిమ మేధని బయటపెట్టినప్పుడు, పరీక్షలో అది చేసిన ఘనకార్యం కూడా ప్రకటించింది. క్యాప్చా దగ్గర ఆగిపోయి అది ఆన్‌లైన్‌లో ఒక మనిషిని పనికి పిలిచింది. ఏమిటి, నువ్వు మరమనిషివా అని ఆ మనిషి వేళాకోళంగా అడిగితే, కాదు, నాకు చూపు సరిగ్గా ఆనదు అని చెప్పిందట! అబద్ధం ఆడింది సరే. ఆ అబద్ధం కోసం అది ఎవరి కష్టాన్ని వాడుకుందో చూడండి.

మరి ఇప్పుడు ఫారాలకి కాపలా ఎలా కాస్తున్నారూ అంటే, మా చెల్లెలి కూతురు చేసిన పని చెప్పాలి. సిద్దిపేట గొల్లభామ చీరలు తెలుసుగా? నెత్తిన కుండ పెట్టుకుని నడిచే గొల్లపిల్ల బుటా. జి.ఐ. గుర్తింపు ఉన్న చీర. మాకు తెలిసిన ఒక నేతవారి కుటుంబం కోసం మా పిల్ల చీరల బొమ్మలతో చిన్న వెబ్‌సైటు కట్టి, "ఏ రంగు కావాలి, ఎన్ని కావాలి" అని ఒక ఫారం పెట్టింది. వారం తిరక్కుండా వందల ఉత్తరాలు. పాపం ఆ నేతాయన భార్య ఎంత సంతోషించిందో! విప్పి చూస్తే అప్పులిస్తామనీ, జూదం ఆడమనీ, మందులు కొనమనీ, అన్నీ బాట్లు రాసినవే. వాటి మధ్య ఎక్కడో కరీంనగరు నించి ఒకావిడ పెళ్ళికి ఆరు చీరలు అడిగిన ఉత్తరం కప్పడిపోయింది.

మా పిల్ల వాడేది జాంగో అనే సరంజామా, పైథాన్ భాషలో రాసింది. పైథాన్ అంటే పాము కాదు, ఒక ఇంగ్లీషు హాస్య నాటకాల బృందం పేరు నుంచి వచ్చిందట. జాంగోని అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఒక ఊరి దినపత్రిక ఆఫీసులో తయారుచేసి 2005లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్ళు చచ్చుపడినా అద్భుతంగా గిటారు వాయించిన జాంగో రైన్‌హార్ట్ పేరు పెట్టుకున్నారు. నాకా పేరు కథ నచ్చింది.

"జాంగో ప్రతి ఫారంలోనూ ఒక రహస్య చీటీ పెడుతది పెద్దమ్మా. కొత్తోళ్ళు అదే బాట్లకు కాపలా అనుకుంటరు, కాదు" అంది. వేరే సైటువాళ్ళు మన పేరు మీద దొంగచాటుగా ఫారం పంపకుండా ఉండటానికట ఆ చీటీ. బాటు ముందు పేజీ తెరిచి చీటీ తీసుకుని మరీ వస్తుంది. అందుకని మా పిల్ల ఇంకా కొన్ని కట్టింది. ఫారంలో ఎవరికీ కనిపించని గడి ఒకటి దాచింది. మనకి కనపడదు కనక నింపం. బాటు ఉన్న గడులన్నీ ఆత్రంగా నింపుతుంది. ఆ గడి నిండిందా, ఆ ఉత్తరం చెత్తబుట్టకే. ఇంగ్లీషులో దీన్ని తేనెకుండ అంటారట, మనింట్లో ఎలకల బోనులో పకోడీ అనుకోండి. రెండోది, ఫారం తెరిచిన వేళ గుర్తుపెట్టుకుని, రెండు మూడు సెకన్లలోనే నిండి వస్తే నమ్మకపోవడం. పేరు, ఊరు, రంగు, ఎన్ని, ఏ తారీకుకి అని రెండు సెకన్లలో ఏ ఆడది చీర ఎంచుకుంది చెప్పండి! మూడోది, ఒకే చోటు నుంచి నిమిషంలో పదిసార్లు వస్తే తలుపు వెయ్యడం.

అన్నిటికీ చివర్న క్యాప్చా. దానికి రెండు తాళంచెవులు ఇస్తారు. ఒకటి పేజీలో అందరికీ కనిపించేట్టు పెట్టేది, రెండోది గుట్టుగా మన దగ్గరే ఉంచుకునేది. మనిషి పరీక్ష పాసైతే ఆ పేజీకి ఒక చీటీ ముడుతుంది. మన సైటు ఆ చీటీని గుట్టు తాళంతో కలిపి క్యాప్చా ఇచ్చినవాళ్ళకి పంపి, ఇది మీరిచ్చిందేనా అని అడిగి తెలుసుకోవాలి. చాలామంది పెట్టె అతికించేసి, ఈ అడగడం మాత్రం మరిచిపోతారట. గేటు దగ్గర టికెట్టు చింపేవాడు లేని సినిమాహాలన్నమాట.

చీరల ఫారానికి ఇంత అవసరమా అనిపిస్తుంది గానీ, రైలు టికెట్ల సంగతి చూస్తే అవసరమేనంటారు మీరే. మా సిద్దిపేటకి రైలు వచ్చిందే 2023 అక్టోబరు 3న. మనోహరాబాద్ నుంచి 76 కిలోమీటర్ల కొత్త లైను. ఆ రోజు చిన్నా పెద్దా స్టేషనుకి తరలివెళ్ళారు. రైలు వచ్చింది సరే, దూరప్రయాణానికి తత్కాల్ టికెట్టు దొరకొద్దూ! ఏసీకి పొద్దున పదింటికీ, మామూలు పెట్టెలకి పదకొండింటికీ తెరుస్తారు, క్యాప్చా కొట్టేలోగా అయిపోతాయి. 2025 జూన్‌లో రైల్వే శాఖే చెప్పింది, తత్కాల్ తెరిచిన మొదటి అయిదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా బాట్లవేనని. అనుమానం ఉన్న రెండున్నర కోట్ల ఖాతాలు తీసేశారు. 2025 జులై 1 నుంచి ఆధార్‌తో సరిచూసిన ఖాతా ఉంటేనే ఆన్‌లైన్‌లో తత్కాల్ అన్నారు. వంకర అక్షరాలతో పని కాలేదని వేలిముద్రల పుస్తకం దాకా వెళ్ళారన్నమాట.

కాపలా గట్టిపడేకొద్దీ తలుపు బయట మిగిలిపోయేదెవరు? మా అత్తమ్మ తెలుగు గడగడా చదువుతుంది. భారతం, రామాయణం, దినపత్రిక, మందు సీసా మీది చీటీ, ఏదైనా సరే. ఇంగ్లీషు అక్షరాలు రావు. ఒకరోజు పింఛను సంగతి చూద్దామని ఫోను పట్టుకుని కూర్చుంది. క్యాప్చా వచ్చింది. "నేను మనిషిననేది గా డబ్బకు ఎట్ల ఎరుకైతది బిడ్డా?" అని నవ్వింది. నవ్విందే గానీ ఫోను పక్కన పెట్టేసింది. చూపు లేనివాళ్ళ బాధ ఇంకా పెద్దది. బొమ్మల క్యాప్చా వాళ్ళకి మూసిన తలుపేనని వెబ్‌కి ప్రమాణాలు రాసే డబ్ల్యు3సి సంస్థ 2005లోనే హెచ్చరించింది. 2023లో ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవాళ్ళు పద్నాలుగువందల మందితో క్యాప్చాలు చేయించి చూస్తే, వంకర అక్షరాల దగ్గర బాట్లు మనుషులకంటే తొందరగానూ, తప్పుల్లేకుండానూ కొడుతున్నాయని తేలింది. బాటు పాసై, ముసలావిడ ఫెయిలయ్యే పరీక్ష!

ఇప్పుడు బ్యాంకు ఖాతాలకీ సిమ్ కార్డులకీ కొత్త పరీక్ష వచ్చింది. ఫోను ముందు మొహం పెట్టి రెప్ప వాల్చాలి. ఫొటో కాదు, బతికున్న మనిషేనని తెలియడానికి. దమయంతి చూసిన గుర్తే! ఎవరికి తట్టిందో గానీ తెలివైన గుర్తు. కానీ యాసిడ్ దాడి జరిగి కనురెప్పలు కాలిపోయిన ఆడపిల్లలు రెప్ప ఎలా వాలుస్తారు? వాళ్ళలో కొందరు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. కళ్ళు లేని ఒకాయన వేసిన కేసు కూడా దానితో కలిసింది. 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెప్పింది. ఈ డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. రెప్ప వాల్చడం ఒక్కటే కాకుండా, బతికున్నట్టు తెలుసుకోవడానికి వేరే దారులూ ఉంచాలని, ఇంకా కొన్ని కలిపి మొత్తం ఇరవై ఆదేశాలిచ్చింది. ఒక చేత్తో యాసిడ్ పోసినవాడు, ఇంకో చేత్తో రెప్ప వాల్చమన్న ఫోను. ఆ పిల్లలు ఎంతమందికి జవాబు చెప్పుకోవాలి!

తీర్పు సంగతి మా పిల్లతో చెబితే కాసేపు మాట్లాడలేదు. తరవాత తన ఫారం మళ్ళీ తెరిచింది. కళ్ళు లేనివాళ్ళు పేజీని చదివి వినిపించే ప్రోగ్రాము వాడతారు కదా, దానికి ఆ దాచిన గడి కూడా వినిపించే ప్రమాదం ఉందట. అంటే ఎలకల బోనులో మనిషి చెయ్యి పడ్డట్టు. ఆ ప్రోగ్రాము కూడా దాన్ని దాటిపోయేట్టు మార్చింది. బొమ్మల క్యాప్చా తీసేసి, దాని బదులు తెలుగులో ఒక ప్రశ్న పెట్టింది, "గొల్లభామ నెత్తి మీద ఏముంది?" అని. కుండ అని జవాబు. ఈ చిన్న ఫారం కోసం ఏ బాటూ తెలుగు ప్రశ్న ఆలోచిస్తూ కూర్చోదని దాని లెక్క. బాట్లు రాలేదు గానీ, మనవాళ్ళు ఊరుకుంటారా! ఒకావిడ 'చల్లకుండ' అంది, ఒకావిడ 'బిందె', ఒకావిడ 'కడవ', ఇంకొకావిడ 'దుత్త' అని రాసి, తలుపు తెరుచుకోక, "నాకు గొల్లభామ తెలవదా, మా అమ్మమ్మ నేసేది" అని నిష్ఠూరంగా ఇంకో దారిన కబురు చేసింది. అన్ని మాటలూ జవాబుల్లో చేర్చుకుంటూ పోయింది మా పిల్ల. ఇప్పటికి పదకొండయ్యాయి.

ఫారం కింద నేతాయన భార్య ఫోను నంబరు కూడా పెట్టింది. నింపలేనివాళ్ళు ఫోను చెయ్యండి అని పెద్ద తెలుగు అక్షరాల్లో. మొన్న మా అత్తమ్మ ఆడపడుచుకి చీర కావాలని తనే చేసింది. స్పీకరులో పెట్టుకుంది కనక నాకూ వినిపించింది. అటునుంచి మొట్టమొదట వచ్చిన మాట, "ఎవరమ్మా మాట్లాడేది, ఏ ఊరు, ఎవరింటోళ్ళు?" అత్తమ్మ మూడింటికీ జవాబు చెప్పి, నాలుగో మాటగా చీర అంచు రంగు అడిగింది.